హస్తవాసి, తెల్ల డబ్బా

మా వృత్తిలో వేళ్లు పనిచేయడం మానేసినవాళ్లకు ఎవరూ శాలువా కప్పరు. నా రెండు బొటనవేళ్ల కీళ్లూ అరిగిపోయి, ఇక ముఖాలు మర్దన చేయడం నా వల్ల కాదని తేలిన రోజు, పార్లర్ షట్టర్ కిందికి లాగడానికి కూడా పక్క కొట్టాయన్నే పిలవాల్సి వచ్చింది. అదే నా పదవీ విరమణ. అప్పటినుంచి వికారాబాద్‌లో ఇంటిపట్టునే ఉంటున్నాను. కొత్తగా పార్లర్లు పెట్టుకున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. చాయ్ తాగి, లోకం సంగతులన్నీ తిరగేసి, చివరికి అందరూ అడిగేది ఒకటే మాట. "ఆంటీ, నిజం చెప్పు. మసాజ్‌తోని వయసు తగ్గుతదా?"

చెప్తాను వినండి. ముఖాన్ని కింది నుంచి పైకి, తొందరపడకుండా, సరైన బరువుతో మర్దన చేస్తే నెత్తురు పారుతుంది, దవడల బిగువు వదులుతుంది, మనిషికి కునుకు పడుతుంది. కడుపు నిండా నిద్రపోయి లేచిన ముఖం ఎంత తేటగా ఉంటుందో అంత తేటగా ఉంటుంది. అది పొద్దుగూకే దాకా నిలిస్తే గొప్ప. మరునాడు అద్దంలో మళ్లీ మన అమ్మ ముఖమే కనబడుతుంది. అంతకుమించి ఏమైనా జరిగిందంటే అది చేతుల పని కాదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు సగం ఉద్యోగకాలం పట్టింది. నాకు తెలిసేలోపు ఒక మనిషి ముఖం పాడైపోయింది.

ఈ మధ్య ఫోన్లలో చూసి నున్నటి రాయితో ముఖం గీరుకుంటున్నారట. నేను నాపరాళ్ల తాండూరులో పుట్టి పెరిగినదాన్ని, రాళ్ల గొప్ప నాకు చెప్పకండి. మా ఊళ్లో ఒక బండ నున్నబడిందంటే దాని పక్కన ఒక మనిషి ఛాతీలో దుమ్ము నిండిందని లెక్క. నేను చెప్పబోయే ఆమె భర్త ఆ బండల పాలిషింగులోనే పనిచేసి ఊపిరి పోగొట్టుకున్నాడు. ఆమె కథ కూడా ఆ నునుపు దగ్గరే మొదలైంది.

నేను పనిచేసిన పార్లర్ తాండూరు బజారులో, బట్టల దుకాణాల మీది అంతస్తులో ఉండేది. ఓనరమ్మను అందరం అక్క అనేవాళ్లం. ఇరుకు మెట్లు ఎక్కి పోతే రెండు కుర్చీలు, ఒక మసాజ్ మంచం, మూలకు పూల పరదా. ఆ పరదా వెనక్కి అక్క ఒక్కతే పోయేది. అక్కడ గిన్నెలో క్రీము కలిపి, పేరూ ఊరూ లేని ఒక తెల్ల డబ్బాలో నింపి తెచ్చి నా ముందు పెట్టేది. ఏం కలుపుతావక్కా అంటే, "మా అత్త చెప్పిన చిట్కా పిల్లా. నీకెందుకు గా పరేషాన్, నువ్వు చెయ్యి ఆడియ్యి" అనేది. మిఠాయి దుకాణం వాళ్లు పాకం చెప్పరు, ఈమె క్రీము చెప్పదు, అంతే కదా అని నేనూ ఊరుకున్నాను.

అక్క చెడ్డ మనిషి కాదని ముందే చెప్పాలి. మొగుడు వదిలేసిన నన్ను, చేతిలో ఏ పనీ లేని నన్ను, ఎందుకొచ్చావని అడగకుండా నిలబెట్టుకున్నది ఆమే. తన చెంపల మీద నా వేళ్లు పెట్టించుకుని పని నేర్పింది. ఆ చెంపలు ఎప్పుడూ దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉండేవి. అక్క ఎండలోకి రాదు, ఎదురుగా ఫ్యాను లేనిదే కూర్చోదు. కలిగినవాళ్ల సుకుమారం అనుకునేవాళ్లం.

మాతోపాటు కనుబొమలు తీసే అమ్మాయి ఒకతి ఉండేది. కర్ణాటక సరిహద్దు ఊరి పిల్ల, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేది. దారం కొస పళ్ల మధ్య పట్టుకుని చేసే పని కాబట్టి రోజంతా ఆమె నోరు మూసుకునే ఉండేది. నోట్లో దారం ఉన్నవాళ్లకు చూడటానికి, వినడానికి బోలెడంత తీరిక ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

మన దగ్గర ఒక నమ్మకం ఉంది కదా, మందు కంటే ఇచ్చే చెయ్యి గొప్పదని. ఒక డాక్టరు గోలీతో తగ్గని జ్వరం ఇంకో డాక్టరు అదే గోలీ ఇస్తే తగ్గుతుంది. ఆయన హస్తవాసి మంచిది అంటాం. నా చేతికి ఆ పేరు వచ్చింది. నా దగ్గర నాలుగైదుసార్లు చేయించుకున్న ఆడవాళ్లకు మంగు మచ్చలు మాయమయ్యేవి, చర్మం బిగిసి నిగనిగలాడేది. అక్క అందరి ముందూ నా చేతులు పట్టుకుని ఎత్తి చూపించేది. "అంతా గీ పిల్ల హస్తవాసి! నా దగ్గర ఏముందమ్మా, కుర్చీలు, ఫ్యాను." నేను ఉబ్బిపోయేదాన్ని. ఆ మురిపెంలో నా చేతులకు కొత్తగా గడప దాటి వచ్చిన కోడలికి చేసినంత సేవ చేసుకునేదాన్ని. రాత్రి నూనె, పొద్దున గోరువెచ్చని నీళ్లు. బట్టలు ఉతకడం కూడా మానేశాను.

ఆ రోజుల్లో వచ్చింది వదిన. వరసకు వదిన కాదు, నేను పిలిచిన పిలుపు. ఆమె నన్ను మరదలా అనేది. మా కిందనే ఉన్న పెద్ద చీరల దుకాణంలో పట్టుచీరల దగ్గర పనిచేసేది. నలభై దాటిన మనిషి. భర్త పాలిషింగు దుమ్ముకు దగ్గి దగ్గి ఇంట్లో కూర్చున్నాడు, కొడుకు ఇంకా చదువులో ఉన్నాడు. ఇల్లు ఆమె నిలబడిన ఆ కౌంటరు మీద నిలబడి ఉంది.

పట్టుచీరల దగ్గర ఒక పద్ధతి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. చీర మడత విప్పి పరుపు మీద పరిస్తే పెండ్లివాళ్లకు ఆనదు. అమ్మే మనిషి లేచి ఆ చీరను తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, కొంగు పరిచి చూపాలి. అప్పుడు చీరతోపాటు ముఖమూ కనబడుతుంది. చూసేవాళ్లు ఆ ముఖం తీసేసి పెండ్లికూతురి ముఖం పెట్టుకుంటారు. అందుకే సేటు అక్కడ వయసు కనబడనిచ్చేవాడు కాదు. కనబడినవాళ్లను వెనక గదికి పంపేవాడు. అక్కడ ఫాల్స్ కుట్టడం, మడతలు పెట్టడం, సగం జీతం.

మొదటిరోజు కుర్చీలో కూర్చుని ఆమె అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "సేటు నిన్న ఒక మాటన్నడు మరదలా. 'చీర నవ్వుతున్నది గని నీ ముఖం నవ్వుతలేదమ్మా' అన్నడు. మరి నా ముఖాన్ని జర నవ్వియ్యి. ఎనక గదిలకు పోతే నా ఇల్లు నడువది."

నవ్వించాను. అంటే, నవ్వించాననుకున్నాను. మొదట నెలకోసారి వచ్చేది, తర్వాత వారం వారం వచ్చింది. రాత్రి పెట్టుకోవడానికి అక్క చిన్న డబ్బీలో కొంచెం క్రీము కూడా ఇచ్చేది. కళ్ల కింద ముడతలు పోయాయి, బుగ్గలు మెరిశాయి. పెండ్లిళ్ల కాలంలో జనం ఆమె చుట్టూ మూగేవాళ్లు. ఒకామె అయితే, "నువ్వు ఏసుకున్న చీరనే ఇయ్యి, మా బిడ్డకు గూడ గట్లనే ఉండాలె" అందట. వదిన పైకి వచ్చి ఆ మాట చెప్పి నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

పొగడ్త మనిషిని కుర్చీలోంచి లేపుతుంది. వచ్చినవాళ్లందరూ చెవిలో ఒకటే మాట ఊదారు. "చెయ్యి నీది, పేరు నీది, దుకాణం ఆమెది ఏంది?" వికారాబాద్‌లో మా తమ్ముడు స్టేషన్‌కు పోయే దారిలో ఒక గది చూసి పెట్టాడు. అక్కకు చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను గాని ఆమె నవ్వింది.

"పో పిల్లా, సల్లగుండు. చేతులు నీయే, తీస్కపో. డబ్బా ఒక్కటి ఇడిసిపో."

చూశారా, ఎంత పిసినారిదో అనుకున్నాను. దారం పిల్ల నా వైపు చూసి, పళ్ల మధ్య దారం తీసి, ఏదో చెప్పబోయి మళ్లీ పెట్టుకుంది.

వికారాబాద్‌లో నా సొంత పార్లర్‌కు మంచి కంపెనీ క్రీములు తెచ్చాను. సీలు తీయని డబ్బాలు, వెనక అక్షరాలన్నీ ఉన్నవి. మోమిన్‌పేట్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొత్తవాళ్లు రావడం మొదలుపెట్టారు. తాండూరు నుంచి నా వెంట వచ్చిన పాత మనుషులు కొందరే. వాళ్లలో వదిన ఒకతి. దుకాణం సెలవు రోజున రైలెక్కి వచ్చేది. దుకాణం మీదనే పార్లర్ ఉండగా ఇంత దూరం ఎందుకంటే, "నీ చెయ్యి లేని దగ్గర నాకేం పని" అనేది. రాత్రి పెట్టుకునే డబ్బీ కోసం కూడా అక్క మెట్లు ఎక్కలేదు.

రెండోసారి వచ్చినప్పుడే బుగ్గలు మండుతున్నాయి అంది. మూడోసారికి ముఖమంతా కందిపోయి ఉంది. ఆ తర్వాత చీముపట్టిన చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఎండ తగిలినా మంటే, పొయ్యి సెగ తగిలినా మంటే. చర్మం ఎక్కడికక్కడ పొరలు లేస్తోంది. నీళ్లు మారాయేమో అన్నాను, దిష్టి అన్నాను, దుమ్ము అన్నాను. కలబంద గుజ్జు పెట్టాను, ఐసు పెట్టాను, ఇంకా మెత్తగా మర్దన చేశాను. చేసినకొద్దీ ఎర్రబడింది. నావెంట వచ్చిన ఇంకో ఇద్దరికీ ఇట్లాగే మొదలైంది. వాళ్లు రావడం మానేసి తాండూరులో ఒక మాట పుట్టించారు. సొంత దుకాణం పెట్టేసరికి కండ్లు నెత్తికెక్కినయి, అందుకే దాని హస్తవాసి పోయిందని.

నవ్వకండి, నేనూ అదే నమ్మాను. చేతులకు పసుపు రాసుకున్నాను, గుమ్మానికి నిమ్మకాయలు కట్టాను, ప్రతి మంగళవారం కొబ్బరికాయ కొట్టాను. ఏ పాపం చేస్తే చెయ్యి చెడిపోయిందని రోజంతా అదే ఆలోచన. నా క్రీములో ఏముందో డబ్బా మీద చదివాను గాని, అక్క డబ్బాలో ఏముండేదని ఒక్కసారీ అనుకోలేదు. చేతిని నమ్మినవాళ్లకు డబ్బా కనబడదు.

ఒకరోజు, దుకాణానికి సెలవు కాకపోయినా, వదిన వచ్చింది. కండ్లు తప్ప ముఖమంతా చున్నీతో చుట్టుకుని ఉంది. కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది.

"కుల్కచర్ల దిక్కు నుంచి పెండ్లోళ్లు వచ్చిండ్రు నిన్న. నేను చీర భుజం మీద ఏసుకున్న. పెండ్లిపిల్ల మేనత్త నా ముఖం దిక్కు చూసి ఏమన్నదో ఎర్కేనా? 'గామె ఏసుకున్న చీర మాకొద్దు, గామెకు ఏం రోగమో' అన్నది. అందరి ముంగట. సేటు నా భుజం మీది చీర తనే తీసి పక్కకు పెట్టిండు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్లు మండుతాయని తర్వాత చెప్పింది. "మూడొద్దులల్ల ఇంకొక పెద్ద బేరం ఉన్నది, గా లోపల ముఖం మంచిగ కాకుంటే ఎనక గదిలకు పొమ్మన్నడు. మరదలా, నువ్వు నా ముఖం తోటి ఏం చేసినవ్?"

ఆమెను ఆటో ఎక్కించుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చున్నీ విప్పించి, దీపం వెలుగులో చూసి, వదినను కాదు, నన్ను అడిగింది. "ఏ ట్యూబు పూశావు?"

"ఏ ట్యూబూ లేదు మేడమ్. మసాజ్ క్రీమే."

"అబద్ధం చెప్పకు. నెలల తరబడి ఎవరో బలమైన మందు రుద్దారు. దురదకు, తామరకు నాలుగు రోజులు వాడాల్సిన మందు. పూసినన్నాళ్లు మెరుస్తుంది, ఆపేస్తే ఇట్లా తిరగబడుతుంది. ఇప్పుడు మళ్లీ అది ముట్టకూడదు. తగ్గడానికి నెలలు పడుతుంది, ఓర్చుకోవాలి."

నాకు కోపం ముంచుకొచ్చింది. దొంగను చూసినట్టు చూస్తుందేంది అని. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాక కోపం దిగి భయం ఎక్కింది. డబ్బా ఒక్కటి ఇడిసిపో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వదిన నా ముఖం చూసి, "ఏందే?" అంది. తాండూరు పోదాం పద అన్నాను.

రైల్లో కిటికీ గాలి కూడా ఆమెకు మంట. నేను అడ్డంగా కూర్చున్నాను.

అక్క పార్లర్‌లో అంతా అట్లాగే ఉంది. దారం పిల్ల ఎవరి కనుబొమో తీస్తోంది. మేం వచ్చిన తీరు చూసి అక్క లేచింది గాని నేను ఆగలేదు, నేరుగా పోయి పరదా తీశాను. ఇన్నేళ్లలో మొదటిసారి. మీగడ లేదు, నూనె లేదు, అత్త చిట్కా లేదు. చౌక క్రీము పెద్ద బకెట్టు ఒకటి, దాని పక్కన అట్టపెట్టె నిండా మందుల షాపు ట్యూబులు. కొన్ని కొత్తవి. కొన్ని పిండి పిండి చదునుగా చేసి పడేసినవి.

"నీకు తెలుసా?" అని దారం పిల్లను అడిగాను. ఆమె నోట్లోంచి దారం తీసింది. "గొత్తిత్తు అక్కా. ఏన్ మాడ్లి? నాకూ పని కావాలె గదా" అంది. తెలుసట. ఏం చెయ్యమంటావు అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. అదే మాట అక్క అంటుందేమో, సిగ్గుపడుతుందేమో అని ఎదురుచూశాను.

అక్క సిగ్గుపడలేదు. "ఏందే గట్ల చూస్తవ్? విషం పెట్టిన్నా? మందుల షాపుల దొరికేదే గదా. వచ్చినోళ్లు ఎవలన్న ఏడ్సుకుంట పోయిండ్రా, నవ్వుకుంట పోయిండ్రా? ఉత్త చేతులతోని వయసు తగ్గుతదని నువ్వు నమ్మినవా పిల్లా? దునియాల ఎవలన్న నమ్ముతరా?"

"మరి నా హస్తవాసి అని ఊరంతా ఎందుకు చెప్పినవ్?"

"మరి ట్యూబు అని చెప్పాల్నా?"

పైన పటారం లోన లొటారం అని చిన్నప్పటినుంచి వింటున్నదే, ఆ పటారం నేనే అని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు నేను సేవ చేసుకున్న ఈ చేతులు ఆ మందును లోపలికి ఇంకించడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. నాకు ఎంత అవమానమైందో ఇప్పటికీ చెప్పలేను. అక్కను కొట్టాలనిపించింది. ఆ ఎర్రటి చెంపలు చూసి ఆగిపోయాను. ఆ చెంపల మీద నేను పని నేర్చుకున్నాను. అవీ ఆ మందు పూసిన చెంపలేనని, ఫ్యాను ఎందుకో, ఎండ ఎందుకు పడదో అప్పుడు అర్థమైంది. ఆమె అమ్మింది తాను పెట్టుకోనిది కాదు.

మా ఇద్దరి వాదం అయ్యాక వదిన మెల్లగా అడిగింది, అక్కను.

"అక్కా, అది మళ్ల పెడితే ఎన్నొద్దులకు తగ్గుతది?"

"ఎల్లుండికి మెరుస్తవ్."

"వద్దు వదినా" అన్నాను. "డాక్టరమ్మ ఏమన్నదో ఇన్నవు గదా. ఇప్పుడు పెడితే ఇంక ఇడువది. తోలు పల్చగైతది. నెలలు ఓర్చుకో, తగ్గుతదన్నది గదా."

వదిన నా వైపు తిరిగింది. చున్నీ జారి ఉంది. పొక్కుల మధ్య ఆమె కళ్లు మాత్రం ఎప్పటివే. "నెలలు నేను ఓర్చుకుంట. నా మొగని దగ్గు ఓర్చుకుంటదా? సేటు ఓర్చుకుంటడా? ఎనక గదిలకు పోయినోళ్లు మళ్ల ముంగటికి వచ్చింది నువ్వు చూసినవా? నువ్వు నిజమే చెప్తున్నవ్ మరదలా. గని నీ నిజం తోటి నా ఇల్లు నడువది."

పోయి కుర్చీలో కూర్చుంది. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఈమె అట్లా కాదు, అన్నీ తెలిసే తల వాల్చింది. అక్క తెల్ల డబ్బా మూత తీసి దగ్గరికి వచ్చింది. అప్పుడు వదిన కళ్లు తెరవకుండానే అంది, "అక్కా, నువ్వు వద్దు. మరదల్నే పెట్టుమను. దాని హస్తవాసి మంచిది."

పరదా వెనక ట్యూబులు కళ్లారా చూసి కూడా ఆ మాట అంది. నేను పెట్టలేదు. అది గొప్పతనమేమీ కాదు, ఆ డబ్బాను ముట్టుకోవడానికే భయపడ్డాను. మెట్లు దిగి వచ్చేశాను. వెనక నుంచి అక్క చేతిగాజుల చప్పుడు వినబడింది.

మూడో రోజు బేరం బాగా జరిగిందట. వదిన భుజం మీద వేసుకున్న చీర వేసుకున్నట్టే తీసుకుపోయారట. తాండూరులో నా పేరు పోయి అక్క పేరు నిలబడింది. నిజం చెబితే నిష్ఠూరం అంటారు గదా, నిష్ఠూరం కూడా మిగల్లేదు, అటునుంచి మనుషులే రాలేదు. నాకు మిగిలిన పని వికారాబాద్ ఆడవాళ్లకు పొద్దుగూకే దాకా నిలిచే తేటదనం ఇవ్వడం. ఇచ్చాను. అంతకుమించి అడిగినవాళ్లకు లేదని చెప్పాను. చాలామంది మళ్లీ రాలేదు.

వదిన సంగతులు దారం పిల్ల ఫోన్లో చెప్పేది. ట్యూబు ఎంత పూసినా మెరుపు రావడం మానేసిందని, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయని, గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయని. దుకాణంలో పెద్ద దీపాల కింద నిలబడలేక కొంగు అడ్డం పెట్టుకుంటోందని. చివరికి సేటు అనాల్సిన మాట అననే అన్నాడు. ఆమె వెనక గదికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు భర్త పోయాడు. శవం పక్కన ఆమెను కూర్చోబెట్టి ఆనవాయితీ ప్రకారం ముత్తైదువలు ఆఖరిసారి ముఖానికి పసుపు రాశారట. రాస్తుంటే ఆమె పెట్టిన కేక వీధి చివరికి వినబడిందని దారం పిల్ల చెప్పింది. "అందరూ మొగని మీద ఎంత పానమో అని ఏడ్చిండ్రు అక్కా" అంది. అక్కడున్నవాళ్లలో ఆ కేక దేనికో ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు. పోవాలనుకున్నాను, పోలేదు. పరామర్శకు పోయినవాళ్లు చెయ్యి పట్టుకోవాలి, ఆ చెయ్యి నాది.

నేను పని మానేయడానికి కొంచెం ముందు, వేళ్లు అప్పటికే మొరాయిస్తున్న రోజుల్లో, తాండూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. అదే చీరల దుకాణం, అదే పట్టుచీరల కౌంటరు. వదిన జాగాలో పెట్టుకున్న పిల్ల. ముడతా లేదు, మచ్చా లేదు. మరి ఎందుకొచ్చావంటే, "సేటు ముఖం జర డల్లుగ ఉన్నదన్నడు ఆంటీ" అంది.

కూర్చోబెట్టాను. బొటనవేళ్లు పనికిరాక మిగతా వేళ్లతోనే గడ్డం నుంచి చెవి దాకా, ముక్కు పక్క నుంచి కణతల దాకా, నాకు వచ్చినదంతా చేశాను. ఆ పిల్ల కాసేపు నిద్రపోయింది. లేచి అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

"ఏం మారలేదు ఆంటీ."

"మారదు బిడ్డా. పొద్దుగూకే దాకా జర తేటగుంటది, అంతే."

"గామె గూడ గదే చెప్పింది."

"ఎవరు?"

"మా ఎనక గదిల ఫాల్స్ కుట్టే పెద్దమ్మ. చున్నీ కట్టుకునే ఉంటది ఎప్పుడూ. నేను మా దుకాణం మీది పార్లర్‌కు పోతుంటే మెట్ల కాడ రెక్క పట్టుకుని ఆపింది. 'వికారాబాద్ పో, నా మరదలు ఉంటది. దాని దగ్గర ఏం మారదు, నీ ముఖం నీకే ఉంటది. గందుకే ఆడికే పో' అన్నది."

నా పనికి ఇన్నేళ్లలో ఎంతోమంది ఎన్నో పేర్లు పెట్టారు, అవన్నీ తెల్ల డబ్బాకు చెందినవి. ఈ ఒక్క మాట నా చేతులకు వచ్చింది. వదినకు ఏమని కబురు పంపాలో తోచక, ఆ పిల్ల మెడ మీది తువ్వాల తీసి మడత పెడుతూ ఉండిపోయాను. ఆమె అద్దంలో ఇంకోసారి చూసుకుని, సెలవు రోజున మా దుకాణం మీది పార్లర్ తెరిచి ఉంటుందా ఆంటీ అని అడిగింది. తాండూరు అక్క పార్లర్ గురించి. నాకు తెలియదన్నాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు, ఎటు పోయిందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.